యాభై ఓముల సాక్షి

"రాడ్ ఈ అమ్మాయిది. బకెట్లో పెట్టి మర్చిపోయింది. పక్కమంచం పిల్ల చచ్చిపోయింది. ఇందులో మీరు పరిశోధించడానికి ఏం మిగిలిందండీ ఇంద్రాణిగారూ?" అని రాజగోపాల్ టై సర్దుకున్నాడు.

 ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఆడపిల్లల పీజీ హాస్టల్ మూడో అంతస్తుకి, ఎదురుగా ఇంకొకరు దిగితే మనం వెనక్కి నడవాల్సిన మెట్లెక్కి, మెడకి టై కట్టుకుని వచ్చిన మనిషిని చూస్తూ ఉండిపోయాను. అతనూ నాలాగే ప్రైవేటు డిటెక్టివే. కార్డు మీద మాత్రం ఇంకేదో పెద్ద పేరు వేయించుకున్నాడు. ఈ పీజీ నడిపే గోపీకృష్ణ అతన్ని పిలిపించుకున్నాడు. నన్ను పిలిచింది అక్షర.

సంగతి ఇదీ. మొన్న పొద్దున్న ఈ అంతస్తు బాత్రూంలో అనూహ్య అనే విజయవాడ అమ్మాయి కరెంటు షాక్ కొట్టి పడిపోయింది. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. పక్కనే బకెట్, అందులో నీళ్లు కాచుకునే రాడ్. రాడ్ పిడి మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క. ఆ చుక్క పెట్టుకునేది అనూహ్య గదిలోనే ఉండే అక్షర. వరంగల్ పిల్ల. మూడుసార్లు తప్పి, నాలుగోసారి సివిల్స్ మెయిన్స్ గట్టెక్కింది. ఇంటర్వ్యూ వచ్చే వారం. నిర్లక్ష్యంతో స్నేహితురాలి ప్రాణం తీసిందని ఇవాళ కేసు రాశారంటే ఇంటర్వ్యూ మాట దేవుడెరుగు, ఆ మచ్చ జన్మంతా వదలదు. ఎస్సై సుమన్ దహియా కాగితాలు చేత్తో పట్టుకునే వచ్చింది.

"ఆధా ఘంటా, మేడమ్," అంది నాతో. "ఆ తర్వాత నేను నా పని చేసుకోవాలి."

అరగంట చాలు అన్నాను. నోటికి తొందరెక్కువ నాకు.

అక్షర మంచం అంచున కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"నిజం చెప్పు. రాడ్ పెట్టావా?"

"పెట్టలే ఆంటీ. నేను పొద్దుగాల్నే లైబ్రరీకి పోయిన. రాడ్ మంచం కిందనే ఉండె."

"మరి అనూహ్య తీసి పెట్టుకుందేమో?"

"పెడితే ఒర్రుతది గద! ఒర్రకుండ ఈడ ఎవ్వరూ రాడ్ పెట్టరు."

"ఒర్రడమేమిటి?"

జవాబు పక్కగది స్నిగ్ధ చెప్పింది. అనంతపురం పిల్ల, భయం తెలీని గొంతు. "ఈ ఫ్లోరంతటికీ ఒక్కటే ఎంసీబీ మేడం, లోడెక్కువైతే పడిపోయే స్విచ్చి, పది ఆంపియర్లది. హీటర్లు పెడతామని గోపీ అంకుల్ కావాలనే చిన్నది ఏయించినాడు. అందుకని మేమే ఒక రూలు పెట్టుకున్నాం. అందరివీ వెయ్యి వాట్ల రాడ్లే, సందు చివర ఒకే అంగట్లో కొన్నాం. గుర్తుకి గోళ్లరంగు చుక్కలు. నాది పచ్చ. పెట్టేముందు 'రాడ్' అని అరుస్తాం. కెటిల్, ఇస్త్రీపెట్టె ఎవరివుంటే వాళ్లు ఆపేస్తారు. బాత్రూములో ఉండే మనిషి నీళ్లు, కొళాయి ఏదీ ముట్టుకోకుండా చేతులు పైకెత్తాల."

"ఏదీ, అరిచి చూపించు."

స్నిగ్ధ నడవాలోకి వెళ్లి "రాడ్!" అని ఒక్క కేక పెట్టింది. నాలుగు గదుల్లో స్విచ్చులు టక్కుమన్నాయి. నా ఎదురుగా కళ్లు తుడుచుకుంటున్న అక్షర రెండు చేతులూ తనకి తెలియకుండానే పైకి లేచాయి. ఎస్సై సుమన్‌కి కూడా నవ్వాగలేదు. అలవాటు ఎంత లోతుకి దిగిందో చూసి నాకు ముచ్చటేసింది, వెంటనే ఆ బాత్రూం గుర్తొచ్చింది.

"రెండు రాడ్లకి ఎప్పుడూ ఆగేది మేడం," అంది స్నిగ్ధ. "ఈ మధ్య ఒక్కోసారి ఒక్క రాడ్‌కే ఎంసీబీ పడిపోతాంది. మిద్దెమీద దయ్యం స్నానం చేస్తాందని అనూహ్య నవ్వేది."

"దయ్యాలకి కూడా ఢిల్లీ చలేనన్నమాట," అని రాజగోపాల్ వాచీ చూసుకున్నాడు.

బాత్రూం సీలు విప్పించాను. గట్టిగా నిలబడితే ఇద్దరు పట్టే గది. పాత ఇనప పైపు గోడలోంచి వచ్చి కుళాయి దగ్గర ఆగింది. పై కిటికీలోంచి చూస్తే బయట ట్యాంకు నుంచి దిగే పైపు మాత్రం కొత్తది, ప్లాస్టిక్‌ది. గోడ నెమ్ముకి పెచ్చులు ఊడి ఉంది. ఎస్సై పంపిన పోస్టుమార్టం ఫొటో నా ఫోన్‌లో మళ్లీ చూశాను. అనూహ్య కుడి అరచేతిలో కాలిన మచ్చ. నాలుగు వేళ్ల మొదళ్ల వెంబడి వంకరగా ఉంది, దేన్నో గుప్పిట పట్టినట్టు.

"రాడ్ పట్టుకుని ఉంటుంది," అన్నాడు రాజగోపాల్ నా భుజం మీంచి చూస్తూ.

"నీళ్లలో మునిగిన రాడ్‌ని గుప్పిట పట్టి తీసే పిల్ల సివిల్స్ చదువుతోందంటారా?"

గోపీకృష్ణ మంకీ క్యాప్ చేత్తో నలుపుతూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గుంటూరు వైపు మనిషి. భవనం లీజుకి తీసుకుని నడుపుతున్నాడు, టెర్రస్ మీద గదిలో ఒక్కడే ఉంటాడు. అమ్మాయిలు గోపీ అంకుల్ అంటారు.

"మొదట చూసింది మీరేగా? ఏం చేశారు?"

"కేక వినపడంగానే పరిగెత్తుకొచ్చానండీ. మెయిన్ ఆపేశాను. పాపం పిల్ల పడిపోయుంది. బకెట్ పొంగి పొర్లుతా ఉంటే కుళాయి కట్టేశాను."

"కుళాయి తిప్పి ఉందా?"

"ఆఁ, ధారగా పోతా ఉంది."

"రాడ్ పెట్టాక బకెట్లోకి చన్నీళ్లు వదులుతారా ఎవరైనా?"

అతను ఒక్క క్షణం రాజగోపాల్ వంక చూశాడు. "చిన్నపిల్లలండీ. చదువుల ధ్యాసలో ఏం చేస్తారో వాళ్లకే తెలవదు."

"మీ గదికి కరెంటు ఎక్కణ్ణించి?"

"నాకు వేరే మీటరండీ. ఈళ్ల లైనుతో నాకేం సంబంధం లేదు," అన్నాడు గబగబా.

రాజగోపాల్‌కి ఓపిక అయిపోయింది. అక్షర చేత ఆ కుళాయి నీళ్లే బకెట్ నిండా పట్టించి గదిలోకి తెప్పించాడు. ఎస్సై కవరులోంచి తీసిన ఎర్రచుక్క రాడ్ అందులో వేలాడదీసి, ప్లగ్ పెట్టి, టెస్టర్ మొన నీళ్లకి ఆనించాడు. పిడిలో చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

"చూశారుగా! లీకవుతోంది. ఈ నీళ్లు ముట్టుకున్న మనిషి పోతుంది. పోయింది. ఖతమ్."

అక్షర మొహం చేత్తో కప్పుకుంది. ఎస్సై కలం తీసింది. గోపీకృష్ణ బరువు దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

"పొద్దున్నించీ పోలీసుల్తోనే సరిపోయిందండీ. నేనెళ్లి తలకి పోసుకుని గుడికెళ్లొస్తాను. ఇంటో చావు జరిగిందాయె."

"వెళ్లండి వెళ్లండి, ఇక్కడ అయిపోయినట్టే," అన్నాడు రాజగోపాల్.

అతను వెళ్లాడు. బాత్రూం పక్కనున్న స్టోర్‌రూం తాళం తీసిన చప్పుడు, కాసేపటికి మళ్లీ వేసిన చప్పుడు వినపడ్డాయి. తువ్వాలు కాబోలు అనుకున్నాను.

అప్పుడు నా సంచిలోంచి క్లాంప్ మీటర్ తీశాను. చూడ్డానికి అప్పడాలు కాల్చే పట్టకారులా ఉంటుంది. తీగని తాకక్కర్లేదు, దాని చుట్టూ పట్టకారు మూస్తే లోపల ఎంత కరెంటు పారుతోందో చెప్పేస్తుంది.

"ఈ రాడ్ షాక్ కొడుతుందని ఒప్పుకున్నాను. ఇది అక్షరదని నేనింకా ఒప్పుకోలేదు," అన్నాను.

"ఎర్రచుక్క కనపడట్లేదా?"

"చుక్క కనపడుతోంది. వాట్లు రాసి ఉండే స్టిక్కరే కనపడట్లేదు. ఎవరో గోకేశారు. చుక్క పెట్టడం ఎవరికైనా చేతనవును రాజగోపాల్‌గారూ, పెళ్లిలో బుగ్గచుక్క పెట్టలేదూ?"

రెండు తీగలూ విడివిడిగా ఉన్న నా ఎక్స్‌టెన్షన్ బాక్సుకి రాడ్ ప్లగ్ పెట్టి, అందులో ఒక తీగ చుట్టూ పట్టకారు మూశాను. ప్లగ్గు దగ్గర వోల్టులు రెండు వందల ఇరవై. తీగలో ఆంపియర్లు ఎనిమిది పాయింట్ ఎనిమిది.

"తో క్యా? అయితే ఏమిటి?" అంది ఎస్సై.

కాకినాడలో పదహారేళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పినదాన్ని. ఈ లెక్క ఎన్ని వందలమంది చేత ఎన్నిసార్లు రాయించానో! రాస్తూ ఆవలించేవాళ్లు, రాయిస్తూ నేనూ ఆవలించేదాన్ని. ఒక మనిషి బతుకు దీని మీద ఆధారపడే రోజొకటి వస్తుందని అప్పుడెవరైనా చెప్పుంటే నవ్వేసేదాన్ని.

"వోల్టుల్ని ఆంపియర్లతో గుణించండి," అన్నాను ఎస్సైతో. "అది పవరు."

ఆమె ఫోన్ తీసి నొక్కింది. "పంతొమ్మిది వందల ముప్ఫైయారు."

"వాట్లు. అంటే ఇది రెండువేల వాట్ల రాడ్. ఈ అంతస్తులో అందరివీ వెయ్యివే. ఇప్పుడు వోల్టుల్ని ఆంపియర్లతో భాగించండి."

"పచ్చీస్."

"ఇరవైఐదు ఓములు. అది దీని నిరోధం. కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో ఆ లెక్క. పైన ఏ రంగు పూసినా, స్టిక్కర్ గోకినా, లోపల చుట్టిన తీగ మారదు. ఇది దాని వేలిముద్ర అనుకోండి. స్నిగ్ధా, నీ రాడ్ పట్రా."

పచ్చచుక్క రాడ్ అదే బకెట్లో, అదే ప్లగ్గుకి పెట్టాం. వోల్టులు అవే. ఆంపియర్లు నాలుగు పాయింట్ నాలుగు. ఎస్సై ఈసారి నేను చెప్పకుండానే లెక్క వేసుకుంది. గుణిస్తే తొమ్మిది వందల అరవైఎనిమిది వాట్లు. భాగిస్తే యాభై ఓములు.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "సగానికి సగం తేడా!"

"పాతబడితే నిరోధం మారుతుందండీ," అని రాజగోపాల్ అడ్డొచ్చాడు.

"మారితే ఏ కాస్తో మారుతుంది. మీ టై ఎంత పాతబడినా చొక్కా అవుతుందా?"

స్నిగ్ధ కిసుక్కున నవ్వింది. రాజగోపాల్ మొహం మాడిపోయింది, కానీ బుర్ర లేనివాడు కాదు. "సరే, ఇది అక్షరది కాదనుకుందాం. మరి అక్షర రాడ్ ఏమైంది? ఇది ఎవరిది? చెప్పండి చూద్దాం," అన్నాడు.

మంచి ప్రశ్నే.  బుర్రలో తిరుగుతున్నదల్లా అనూహ్య చెప్పిన దయ్యం. వెయ్యి వాట్ల రాడ్లు రెండు పెడితే ఎనిమిది పాయింట్ ఎనిమిది, పది ఆంపియర్ల ఎంసీబీ మోస్తుంది. మోయాల్సింది పడిపోతోందంటే, ఈ లైను మీద కనపడకుండా ఇంకెవరో ఉన్నారన్నమాట.

"అందరూ అన్నీ ఆపెయ్యండర్రా," అని కేకేశాను. "లైట్లు, ఫోన్ ఛార్జర్లతో సహా. ఒక్కటి కూడా ఉండకూడదు. అక్షరా, ఈ నీళ్లు వేడెక్కాయి, పారబోసి చన్నీళ్లు పట్రా. ఇంకోసారి కొలవాలి."

నడవా చివర బోర్డు దగ్గరికి వెళ్లి, మూత తీయించి, అంతస్తు మొత్తానికీ వెళ్లే తీగ చుట్టూ పట్టకారు మూశాను. గదులన్నీ చీకటి. మీటర్లో సున్నా కనపడాలి.

నాలుగు పాయింట్ నాలుగు.

నేను కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. పట్టకారు తీసి మళ్లీ మూశాను. నాలుగు పాయింట్ నాలుగు. వోల్టులు చూశాను, రెండు వందల ఇరవై.

"మీ మీటర్ చెడిపోయింది," అన్నాడు రాజగోపాల్. ఆ గొంతులో మునుపటి పొగరు లేదు.

"భాగించండి," అన్నాను ఎస్సైతో.

ఆమెకి ఫోన్ అక్కర్లేకపోయింది. పెదాలు మాత్రం కదిలాయి. "పచాస్."

నా ఒళ్లు గగుర్పొడిచింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, దేవుడి గదిలో కూడా నాకెప్పుడూ అలా అనిపించలేదు. స్విచ్చులన్నీ ఆపిన చీకటి నడవాలో, ఎవరూ చూడని చోట నుంచి, అక్షర రాడ్ తన పేరు తాను చెప్పుకుంటోంది. దానికి నోరు లేదు, కాగితం లేదు, ఎర్రచుక్క ఎవరికి అంటగట్టినా దానికి పట్టలేదు. రెండు అంకెలు, ఒక భాగహారం. నేను యాభై ఓముల దాన్ని, ఇక్కడే ఉన్నాను, ఇదిగో ఈ క్షణంలోనే నీళ్లు కాస్తున్నాను అంటోంది. పదహారేళ్లు బోర్డు మీద రాసి తుడిచేసిన లెక్క ఇంత పెద్దదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎక్కడుంది మరి?" రాజగోపాల్ గుసగుసలాడాడు. అతనూ మీటర్ మీంచి కళ్లు తిప్పలేకపోతున్నాడు.

ఎస్సై టార్చి వేసింది. బోర్డు వెనకనుంచి సన్నటి తెల్ల తీగ ఒకటి గోడ మూలన పాక్కుంటూ స్టోర్‌రూంలోకి పోయింది. తలుపు మీది వెంటిలేటర్లోంచి ఫోన్ చాపి ఫొటో తీసింది. లోపల ఒక స్విచ్చి, వేసి ఉంది. దాన్నుంచి అదే తీగ అవతలి గోడలోకి దూరింది. ఆ గోడకి అవతల బాత్రూం, సరిగ్గా దాని పైన టెర్రస్ గది.

"టెర్రస్ మీదికి," అన్నాడు రాజగోపాల్ మెల్లగా. "గోపీకృష్ణ గదికి. వేరే మీటరని చెప్పాడే..."

"పిల్లల లైను మీంచి దొంగతనంగా లాక్కున్నాడు. పైకెళ్లి స్నానం చెయ్యాలనుకున్నప్పుడల్లా స్టోర్‌లో స్విచ్చి వేసి వెళతాడు. ఇరవైఐదు ఓముల రాడ్ అతనిది. మీ ఎర్రచుక్క కూడా అతనే పెట్టాడు. అక్షరది మంచి రాడ్, పరీక్షిస్తే లీకవదు. అందుకని లీకయ్యే తన పాతది బకెట్లో పెట్టి, మంచిదాన్ని పైకి పట్టుకుపోయాడు. పారేయడానికి మనసొప్పలేదు కాబోలు."

"అయితే అనూహ్యకి షాక్ కొట్టింది..."

రాజగోపాల్ మాట పూర్తి చేయలేదు. అతనికంటే ముందు నాకే తట్టింది. పోగుదారంలాంటి తీగ. అందులో రోజూ ఎనిమిది పాయింట్ ఎనిమిది ఆంపియర్లు. కాలి కాలి పైతొడుగు కరిగి ఉంటుంది. నెమ్ము గోడ. అందులోనే ఇనప పైపు. దానికి పైన ప్లాస్టిక్, కాబట్టి ఎక్కిన కరెంటు ఎటూ పోదు, ఎంసీబీ కూడా పడదు, తాకే మనిషి కోసం కాచుకుని ఉంటుంది. కుళాయి ధారగా పోవడం. గుప్పిట పట్టిన అరచేతిలో వంకర మచ్చ. రాడ్ ముట్టుకోలేదు ఆ పిల్ల, కుళాయి తిప్పింది.

ఇందాక మేం నీళ్లు పట్టించినప్పుడు స్టోర్‌లో స్విచ్చి ఆపి ఉంది. ఇప్పుడు వేసి ఉంది.

అక్షరని నీళ్లకి పంపింది నేనే.

నడవా అటు చివర బాత్రూం తలుపు తెరిచి ఉంది. ఖాళీ బకెట్ నేలమీద పెట్టిన చప్పుడు వినపడింది. పరిగెత్తినా అందుకోలేను. ఆగు అంటే ఎందుకని అడుగుతుంది, అడుగుతూనే చెయ్యి వేస్తుంది. ఊపిరితిత్తులు పగిలేలా అరిచాను.

"రాడ్!"

అరిచాక పరిగెత్తాను. నా వెనక రాజగోపాల్, అతని వెనక స్నిగ్ధ. గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి అక్షర మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులూ తలకి పైన ఉన్నాయి. కుళాయికీ ఆమెకీ మధ్య జానెడు దూరం లేదు.

"ఏమైంది ఆంటీ? ఎవలు పెట్టిన్రు రాడ్?" అంది అలాగే చేతులెత్తి.

 భుజాలు పట్టుకుని వెనక్కి లాగాను. ఆ పిల్లని వదలబుద్ధి కాలేదు నాకు.

రాజగోపాల్ జేబులోంచి టెస్టర్ తీశాడు.  అతనే ముందుకి వంగి, మొనని కుళాయి పిడికి ఆనించాడు. చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

 అక్షర ఆ వెలుగు వంక చూసింది, తన అరచేతి వంక చూసుకుంది. "అనూ..." అని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఎస్సై సుమన్ తన చేతిలోని కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుంది. బోర్డు దగ్గరికి వెనక్కి నడిచి, ఎంసీబీ కిందికి లాగింది. టెస్టర్ దీపం ఆరిపోయింది.

టెర్రస్ మీంచి, సబ్బు నోట్లోకి పోతున్న గొంతుతో, గోపీకృష్ణ కేక వినపడింది.

"ఎవరర్రా కరెంటు తీసింది? నా నీళ్లింకా కాగలా!"